సకీనా బీ దాచుకున్న పేరు

నేను మా గల్లీకి చేసిన నష్టం మూసీ వరద కూడా చేయలేదని మా అమ్మ బతికినన్నాళ్లూ అంటూనే ఉండేది. వరద వచ్చింది, పోయింది. నేను తెచ్చిన ముంపు మాత్రం రెండు జడలు వేసుకుని, చేతినిండా గాజులు తొడుక్కుని మా పేట హుస్సేనీ ఆలంలో ఏళ్ల తరబడి తిరిగింది. కావాలంటే మా గల్లీ మొదట్లో నిలబడి "పర్వీన్!" అని ఒక్క కేక వేసి చూడమని స్నేహితులతో పందెం కాసేవాణ్ణి. కేక వేశాక గోడకు అతుక్కుని నిలబడమని కూడా చెప్పేవాణ్ణి. పిల్లలతో పాటు ఒక టాంగా కూడా వచ్చేది మరి.

ఇదంతా ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు నా గురించి చెప్పుకోవాలి. నా గురించి చెప్పుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

అప్పటికి నాకు మీసాలు కొత్తగా మొలుస్తున్నాయి. మా నాన్నకు అఫ్జల్‌గంజ్‌లో దారాలు, జరీ అంచులు అమ్మే చిన్న దుకాణం. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, బడిలో ఉర్దూ. అవి చాలవన్నట్టు నేను బడిలో ఫార్సీ కూడా తీసుకున్నాను. మా వంశంలో ఏడు తరాల వెనక్కి వెళ్లినా ఫార్సీ ముక్క వచ్చినవాడు లేడు. అందుకని నాలుగు ముక్కలు రాగానే నాకు కొమ్ములొచ్చాయి. బండిమీద దానిమ్మపళ్లు అమ్మేవాణ్ణి ఆపి, "వీటిని ఫార్సీల అనార్ అంటరు తెల్సా?" అనేవాణ్ణి. "ఉర్దూల గూడ అనారే గద బాబూ" అనేవాడు అతను. "అది ఫార్సీకెల్లే వచ్చింది" అని నేను రెండో పాఠం మొదలుపెట్టేలోపు బండి మలుపు తిరిగిపోయేది. గల్లీలో నన్ను 'ఫార్సీ నర్సింగ్' అనేవాళ్లు. అది బిరుదనే నేను అనుకున్నాను.

మా పక్కిల్లు కరీం భాయ్‌ది. లక్క గాజులు చేస్తారు. ఆయన అక్క సకీనా బీ. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, పిల్లలు లేరు. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను కరిగించి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే దానిమీద మెరుపు రాళ్లు అతికేది. చిన్నప్పుడు ఆమె ఒళ్లోనే ఆడుకున్నాను. మీసాలు వచ్చాక మా ఇద్దరి మధ్యా పరదా వచ్చింది. ఆ తర్వాత నాకు పరదా కింద నుంచి కనిపించే ఆమె వేళ్లే తెలుసు. వేడి లక్క తగిలి తగిలి ఆ వేళ్ల కొసలు నల్లగా కాయలు కాచి ఉండేవి. నేను ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాణ్ణి.

ఇక్కడ మా గల్లీ ఆచారం ఒకటి చెప్పాలి. ఏ మతం వాళ్లయినా సరే, పుట్టిన పిల్లకు పేరు పెట్టే హక్కు మేనత్తది. మా ఇళ్లలో మేనత్త అంటే, వాళ్ల ఇళ్లలో ఫుప్పు అంటారు. ఆమె వంగి పిల్ల చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. అప్పటిదాకా ఆ పేరు బయట ఎవరి చెవినా పడకూడదు. పడిందా, అది ఎంగిలి పేరు. ఎంగిలి అన్నం ఎవరూ దేవుడికి పెట్టరు, ఎంగిలి పేరు ఎవరూ బిడ్డకు పెట్టరు.

కరీం భాయ్‌కి పెళ్లయిన చాలా ఏళ్లకు ఆయన భార్య కడుపుతో ఉంది. ఒకరోజు సకీనా బీ నన్ను పిలిపించింది.

"నర్సింగ్, నీకు ఫార్సీ అంత వస్తదంట గద?"

"అంత ఏడ వస్తది ఖాలా" అన్నాను, అంతా వచ్చినవాడిలాగే.

"ఒక పేరున్నది. దాని అర్థం గావాలె. అర్థం తెల్వకుంట బిడ్డ చెవుల ఎట్ల జెప్త? పేరెట్లుంటె బత్కు గట్లుంటదంటరు."

"మౌల్వీ సాబ్‌ను అడగరాదు?"

"ఆయనకు జెప్తె ఆయన బీవీకి జెప్పినట్టే. ఆమెకు జెప్తె చార్మినార్ ఎక్కి చాటింపేసినట్టే. మీ ఇంట్ల గీ పేరుతోని పని లేదు. నువ్వైతె ఏం ఫికర్ లేదు."

పరదా కింద వేళ్లు పని ఆపాయి. ఆమె గొంతు తగ్గించింది.

"నా షాదీ గాకముందు అమ్మీతోని ఒక నవాబు దేవిడికి గాజులెయ్యవోయేదాన్ని. ఆడ ఒక చిన్నపోరి ఉండె. దాన్ని గా పేరుతోని పిలుస్తుంటె ఇంట్ల దీపం బెట్టినట్టుండె. నాకు బిడ్డ పుడ్తె గిదే పేరు అనుకున్న. నాకు పుట్టలే. గిన్నేండ్లు దాసుకున్న. ఇప్పుడు కరీం ఇంట్ల బిడ్డే పుడ్తది, నన్ను ఫుప్పూ అని పిలుస్తది. ఆ పిల్పు గూడ నాకు ఇంతవర్దాక లేదు బేటా."

"ఏం పేరు ఖాలా?"

ఆమె ముందుకు వంగడంతో పరదా నా మొహం దాకా కదిలింది. "పర్వీన్" అంది సకీనా బీ. "ఎవ్వలకు జెప్పవ్ గద?"

"నా గొంతు గోసినా జెప్ప ఖాలా."

నిజం చెప్పాలంటే ఎవరూ నా గొంతు కోయలేదు. ఒక్క కప్పు చాయ్ సరిపోయింది.

ముందుగా ఇంకో నిజం. పర్వీన్ అంటే ఏమిటో నాకు తెలియదు. "కితాబ్ చూసి చెప్తా" అని దర్జాగా చెప్పి, మర్నాడు బడిలో మా ఫార్సీ ఉస్తాద్‌ను అడిగాను. పర్వీన్ అంటే ఆకాశంలో ఒకేచోట గుత్తిలా కనిపించే చిన్న చుక్కలు అన్నాడాయన. విడిగా ఉంటే వాటిని ఎవడూ పట్టించుకోడనీ, కలిసి ఉంటేనే ఆ పేరనీ, ఇరాన్‌లో ఆడపిల్లలకు ఇష్టంగా పెట్టుకుంటారనీ చెప్పాడు. "మీ తెలుగులో కృత్తికలు" అని కూడా అన్నాడు. ఒక ఫార్సీ మాటకు అర్థం తెలుగులో దొరకడం నాకు కాస్త అవమానంగా తోచింది.

అసలు అవమానం ఆ సాయంత్రం మిద్దెమీద జరిగింది. చలికాలం. అమ్మ ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుతోంది. చుక్కలు అప్పుడప్పుడే వస్తున్నాయి.

"అమ్మా, ఆ చుక్కల గుత్తి జూసినవా? దాన్ని ఫార్సీల పర్వీన్ అంటరు."

అమ్మ తలెత్తి చూసింది. "అదా? పిల్లలకోడి గదరా."

"కోడేందమ్మా!"

"తల్లికోడి, దాని సుట్టు పిల్లలు. మా నాయన దాన్ని జూసే పొద్దు ఎంతయిందో జెప్పేటోడు."

ఎక్కడి ఇరాన్, ఎక్కడి కోడి! పట్టుబట్ట తెచ్చి పొయ్యి తుడిచినట్టు అనిపించింది నాకు. అమ్మ ఒక్కసారి నావంకా, ఒక్కసారి సకీనా బీ ఇంటి గోడవంకా చూసి, చేట ఎత్తుకుని దిగిపోయింది. ఆ పేరు ఆమె నోటి నుంచి ఎన్నడూ బయటికి రాలేదు. పాపం, ఆమెకు ఫార్సీ రాదు కదా.

సకీనా బీకి మాత్రం నేను కోడి సంగతి ఎత్తలేదు. "ముత్యాల దండ తెగి ముత్యాలన్ని ఒక్కతాన రాలినట్టుంటయి ఖాలా, గసొంటి చుక్కల గుత్తి" అన్నాను. పరదా అవతల కుంపటి మీద లక్క చిటపటమంది, రాళ్ల డబ్బా గలగలమంది. తర్వాత పరదా కింద నుంచి ఆమె చెయ్యి బయటికి వచ్చింది. అరచేతిలో ఒక బుల్లి లక్క గాజు ఉంది. నా రెండు వేళ్లు కూడా దూరనంత చిన్నది. దాని మీద ఒక్కచోట చిన్న చిన్న తెల్ల రాళ్లు గుత్తిగా అతికి ఉన్నాయి.

"గిట్లనా?" అంది.

"అచ్చం గిట్లనే" అన్నాను. ఆ రోజుతో ఆపి ఉంటే నేను మంచివాణ్ణే.

మా గల్లీ చివర ఒక ఇరానీ హోటల్ ఉండేది. అక్కడ ఒక సాయంత్రం దర్జీ మహబూబ్ భాయ్ చాయ్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. అతని భార్యకు నెలలు నిండాయి. పేరు పెట్టాల్సిన చెల్లెలికి ఏ పేరూ నచ్చడం లేదట, వెతికి తెమ్మని అన్న ప్రాణం తీస్తోందట.

"ఏ పేరు దెచ్చినా గిది మా అత్తగారిది, గది మా ఆడబిడ్డది అంటది నర్సింగ్. కొత్త పేరు యాడికెల్లి దేవాలె?"

చదువరులారా, నా నోట్లో నువ్వుగింజ నానదు. కానీ ఆ క్షణాన నేను నిజంగానే ఆలోచించాను. ఎవరి కోసమో చెప్పకూడదు, అంతే కదా? పేరు ఉందని చెబితే తప్పేమిటి? అది ఆకాశంలో ఉన్న చుక్క, సకీనా బీ పెట్టెలో ఉన్న గాజు కాదు కదా? ఇంత చక్కటి తర్కం చేసినవాడు ఊరుకుంటాడా?

"పర్వీన్ అని ఒకటున్నది" అన్నాను.

గల్లాపెట్టె దగ్గర ఇరానీ సేఠ్ ఎగిరి లేచాడు. "పర్వీన్! మా అమ్మ పేరు పర్వీన్! మా బీవీ పేరు పర్వీన్! మా ఊళ్ల గోడవతలికి రాయి విసిరితే ఒక పర్వీన్ బయటికొచ్చి తిడ్తది!" అని హోటల్ మొత్తం వినేలా అరిచి, కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఆనందంలో నాకు ఇంకో చాయ్ ఊరికే పంపించాడు. రెండో చాయ్ లోపలికి వెళ్లాక నన్ను ఆపడం ఎవరి తరం? ముత్యాలూ చుక్కలూ అయిపోయాక నా సొంత కవిత్వం కూడా కలిపాను. "గా పేరు వెట్టిన బిడ్డ ఎన్నడు ఒంటిగ ఉండదు భాయ్. యాడ వోయినా సుట్టు మంది ఉంటరు. ఇల్లు కళకళలాడ్తది."

"ఇక్కడ ఎవ్వలకన్న ఉన్నదా గీ పేరు?" అన్నాడు మహబూబ్ భాయ్.

"మన గల్లీల ఎవ్వలకు లేదు" అన్నాను గర్వంగా.

అతని కళ్లు పెద్దవయ్యాయి. నాకు అప్పుడైనా భయం వేయాలి. వేయలేదు. బిస్కెట్ తింటున్నాను.

తర్వాతి వారమే అతనికి ఆడపిల్ల పుట్టింది. ఆ పేరే పెట్టారని తెలిసి నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"ఏంది మహబూబ్ భాయ్ గిట్ల జేసినవ్!"

"ఏం జేసిన? నువ్వే జెప్తివి గద."

"జెప్పిన గని, వెట్టమన్ననా?"

"వాహ్! బిర్యానీ దేగ్చీ మూత దీసి వాసన జూపిచ్చి, తినొద్దంటవా? చల్, మిఠాయి దిను."

ఆ మిఠాయి నాకు వేపాకులా ఉంది. అక్కడితో ఆగినా బాగుండేది. దర్జీ కొట్టంటే గల్లీలోని ఆడవాళ్ల బట్టలన్నీ వచ్చే చోటు. కుట్టించుకున్న ప్రతి కుర్తీతో పాటు అతను చుక్కల కథ కూడా మడతపెట్టి ఇచ్చి పంపాడు. చుక్కలకు ఎంగిలేమిటని అందరూ ఆచారాన్ని పక్కన పెట్టేశారు. పూలు అమ్మే ఆమె మనవరాలు పర్వీన్ అయింది. నాన్‌లు కాల్చే వాళ్లింట్లో ఇంకో పర్వీన్ పుట్టింది. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అంటారు. ఇక్కడ ఆలు ఉంది, చూలు ఉంది, పేరు మాత్రం ముందే ఇల్లిల్లూ తిరిగి వస్తోంది.

నేను ఊరుకోలేదు. ఇంకో ఇంట్లో కడుపుతో ఉన్నారని తెలిస్తే చాలు, వెళ్లి వేరే పేర్లు అమ్మజూశాను. "నస్రీన్ అని ఉన్నది, తెల్ల గులాబీ. షిరీన్ ఉన్నది, అంటే తీపి. జరీనా ఉన్నది, బంగారం!" వాళ్లు నవ్వి, "గవన్ని నీ బిడ్డలకు వెట్టుకో నర్సింగ్. నువ్వు వద్దంటున్నవంటె గా పర్వీన్ల ఏదో మస్తు బరకత్ ఉన్నది" అన్నారు. నేను ఎంత వద్దంటే దాని ధర అంత పెరిగింది.

చివరికి టాంగా తోలే గఫూర్ చిచ్చా కొత్త ఆడగుర్రాన్ని కొన్నాడు. ఆయనకు అందరూ కొడుకులే. "నాకు బిడ్డ లేదు, గిదే నా బిడ్డ" అని దాని మెడలో పూసలు కట్టి దానికీ అదే పేరు పెట్టాడు.

సకీనా బీకి ఇవేవీ తెలియవు. గడప దాటదు, కుంపటి వదలదు. గల్లీ ఆడవాళ్లు గాజులకు వచ్చినా పసిపిల్లల్ని బొగ్గు పొగలోకి తీసుకురారు, అందుకే వాళ్లను పేరు పెట్టి పిలవడం ఆమె చెవిన పడలేదు. నేను మాత్రం రోజూ ఏదో వంకతో పరదా దగ్గర కాపలా కూర్చునేవాణ్ణి. ఒకరోజు అలా కూర్చుని ఉండగా గోడ అవతల గఫూర్ చిచ్చా గొంతు వినిపించింది.

"పర్వీన్! ఏయ్ పర్వీన్! గడ్డి దినుడైంది గద, ఇగ నడువ్!"

పరదా కింద వేళ్ల మధ్య నుంచి మెరుపు రాయి జారి నేలమీద పడింది.

"గఫూర్ ఎవల్ని పిలుస్తుండు?"

"గుర్రాన్ని ఖాలా."

"గుర్రానికి గా పేరెట్లొచ్చింది?"

"అది... ఇరాన్ గుర్రం ఖాలా. ఆడికెల్లే పేరుతోని వచ్చింది."

"దాని తల్లి సంగతి కరీం జెప్పిండు. చాదర్‌ఘాట్ టాంగాకు కట్టేటోల్లంట." ఆమె కుంపట్లో బొగ్గులు ఎగదోసింది. తర్వాత నిట్టూర్చింది. "పోనియ్యి. జాన్వర్‌కు వెట్టింది ఎంగిలి గాదు. మనుషులెవ్వలకు వెట్టలే గద?"

"లేదు ఖాలా."

ఆ 'లేదు' అన్నమాట ఇప్పటికీ చేపముల్లులా నా గొంతులో గుచ్చుకుంటుంది. ఆమె వేళ్లు మళ్లీ రాయిని వెతికి ఏరుకోవడం చూస్తూ కూర్చున్నాను. చాలా సిగ్గేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా గఫూర్ చిచ్చా దగ్గరకు పోయి, గుర్రం పేరు మార్చమని బతిమాలాను. ఆయన మంచివాడు, సరే అన్నాడు. జులేఖా అని పిలిచాడు. గుర్రం కదల్లేదు. నూర్‌జహాన్ అన్నాడు. తోక ఊపింది, అంతే. టాంగాలో కూర్చున్న ముసలాయన విసుగొచ్చి "అరే, ఏందయ్యా లొల్లి!" అన్నాడు. చిచ్చా నావైపు జాలిగా చూసి, "పర్వీన్" అన్నాడు. గుర్రం పెళ్లికూతురిలా తల ఊపుకుంటూ బయలుదేరింది.

కరీం భాయ్ భార్యకు ఆడపిల్లే పుట్టింది. పేరు పెట్టే రోజు వచ్చింది. మగవాళ్లం వాకిట్లో, ఆడవాళ్లు పరదా అవతల. మా అమ్మ కూడా లోపలే ఉంది. నా చేతిలో మిఠాయిని పక్కాయనకు ఇచ్చేశాను. ఎందుకంటే గల్లీలోని తల్లులందరూ చంకల్లో పిల్లల్ని పెట్టుకుని ఒక్కొక్కరే నా కళ్ల ముందే లోపలికి వెళ్లారు. పేరు గొప్ప, గల్లీ దిబ్బ అనుకుంటూ నేను పరదా పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

లోపల అందరూ మాట్లాడటం ఆపారు. సకీనా బీ పిల్ల చెవి దగ్గరికి వంగి ఉంటుంది.

"పర్వీన్... పర్వీన్... పర్వీన్."

అన్నేళ్లు దాచుకున్న పేరు అది.

"యా అల్లా, మా బిడ్డది గూడ గదే!" అంది దర్జీ భార్య సంతోషంగా.

"మా మనవరాలిది గూడ!" అంది పూలామె.

"మా దాన్ది గూడ పర్వీనే!" అంది నాన్‌ల వాళ్ల ఇంటామె.

లోపల పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకున్నారు. వాకిట్లో గఫూర్ చిచ్చా మర్యాదగా దగ్గి, "మాఫ్ జేయున్రి, మాది గూడ" అన్నాడు. బయట గుర్రం తన పేరు విని సకిలించింది.

పరదా అవతల ఎవరో నావైపు జరిగారు.

"నర్సింగ్" అంది సకీనా బీ. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను పరదాకు మొహం దగ్గరపెట్టి "ఖాలా" అన్నానో లేదో, నల్లటి కాయలు కాచిన ఆ వేళ్లు బయటికి వచ్చి నా చెవిని పట్టుకున్నాయి. రోజూ లక్కను తిప్పే వేళ్లు. ఎంత పట్టు ఉంటుందో మీరే ఊహించుకోండి.

"నాకు ఇల్లు లేదు, బిడ్డ లేదు. ఉన్నది గా ఒక్క పేరే. గది నీ చేతుల వెట్టిన. గల్లీ అంత ఎంగిలి జేసినవ్ గదరా!"

నాకు ఏడుపొచ్చింది. చెవి నొప్పికి కాదు. ఏదో ఒకటి చెప్పాలని ఉస్తాద్ చెప్పింది అప్పజెప్పాను. "ఒక్క చుక్కను పర్వీన్ అనరు ఖాలా. చుక్కలన్ని గల్సి ఉంటెనే పర్వీన్."

"గుత్తి అన్నవ్. గల్లీల పంచి వెడ్తనని జెప్పినవా?"

నా ఫార్సీ అంతా అయిపోయింది. అప్పుడు లోపల నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"సకీనా, మావోడు నీకు ఒకటి జెప్పకుంట దాసిండు. మనోల్లు దాన్ని పిల్లలకోడి అంటరు."

"పిల్లలకోడా?"

"అవ్. నడుమ తల్లికోడి, సుట్టు పిల్లలు."

చెవి మీద పట్టు సడలలేదు గానీ మెలి ఆగింది. సకీనా బీ అంది, "పిల్లలైతె కండ్లముంగట్నే ఉన్నరు. కోడి ఏది?"

లోపల గాజుల గలగల, బట్టల సవ్వడి. దర్జీ భార్య తన పిల్లను తెచ్చి సకీనా బీ ఒళ్లో పెట్టిందని అమ్మ తర్వాత చెప్పింది.

"నువ్వే గద ఫుప్పూ" అందామె.

పూలామె తన మనవరాలిని తెచ్చింది. నాన్‌ల వాళ్ల ఇంటామె తన పిల్లను తెచ్చింది. ఒళ్లు చాలక ఒక పర్వీన్‌ను మోకాళ్ల మీద, ఒక పర్వీన్‌ను భుజాన వేశారట. "ఫుప్పూ, పట్టుకో. ఫుప్పూ, జారుతుంది!" అన్న మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఒక్క మేనకోడలి కోసం అన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఒక్క పూటలో ఇంత సంత! ముందు ఎవరో నవ్వారు. తర్వాత సకీనా బీ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. నా చెవి మాత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అంతమంది పిల్లల్ని ఎలా ఎత్తుకుందో నాకు తెలియదు, నన్ను మాత్రం వదల్లేదు.

అలాగే పట్టుకుని తీర్పు చెప్పింది. "నేను దాసుకున్న పేరు వెట్టుకున్న ప్రతి బిడ్డ నా కరీం బిడ్డ లెక్కనే. మొదటి గాజులు నా చేతికెల్లే తొడగాలె. ఇగ నువ్వు! ఫార్సీ గల్లీ అంత పంచినవ్ గద? గీ పోరిలు పెద్దగైనంక అందర్కి అలీఫ్ బే గూడ నువ్వే పంచాలె. తెల్సిందా?"

"తెల్సింది ఖాలా."

"ఏమన్నవ్?"

"తెల్సింది ఫుప్పూ."

అప్పుడు వదిలింది. ఆ రోజు నుంచి గల్లీలో ఆమె సకీనా ఫుప్పు. నేను ఫార్సీ నర్సింగ్‌ను కాస్తా పర్వీన్ నర్సింగ్‌నయ్యాను. ఇది బిరుదు కాదని నాకు వెంటనే అర్థమైంది.

పిల్లలు పెరిగారు. సాయంత్రాలు కరీం భాయ్ అరుగు మీద వాళ్లకు అక్షరాలు నేర్పాను. అందరి చేతులకూ చుక్కల గుత్తి ఉన్న లక్క గాజులే. "పర్వీన్, పాఠం జెప్పు" అంటే అందరూ ఒక్కసారి మొదలుపెట్టేవాళ్లు. "పర్వీన్, లొల్లి జేయకు" అంటే అందరూ ఒక్కసారి "నేను గాదు!" అనేవాళ్లు. పరదా అవతల నుంచి ఫుప్పు నవ్వు వినిపించేది.

నాకూ పెళ్లయింది. నలభైలు వచ్చాక కూతురు పుట్టింది. అంటే నా వయసు కాదు, ఆ దశకం. నాకు అక్కాచెల్లెళ్లు లేరు. మేనత్త లేని పిల్లకు పేరు ఎవరు పెడతారని మా ఆవిడ దిగులుపడింది. పక్కింటి నుంచి కబురొచ్చింది. "మేనత్త లేదని ఎవలన్నరు?"

పిల్లను తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు ఫుప్పు బురఖా వేసుకుని మా ఇంటికి వచ్చింది. రాగానే అన్న మొదటి మాట, "నర్సింగ్‌ను బయటికి దోలున్రి." మా ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. అమ్మ తలుపు గొళ్లెం పెట్టింది. సొంత కూతురికి పేరు పెడుతుంటే నేను గల్లీలో, గఫూర్ చిచ్చా టాంగా పక్కన, ముసలిదైపోయిన గుర్రంతో కలిసి నిలబడ్డాను. టాంగాలో చుట్టాల కోసం తెప్పించిన లడ్డూల గంపలు ఉన్నాయి. చిచ్చా నీళ్లు తాగడానికి పక్కకు పోయాడు.

చాలాసేపటికి తలుపు వెనక నుంచి ఫుప్పు గొంతు వచ్చింది. "అయిపోయింది బేటా. పిల్వు నీ బిడ్డను."

"ఏమని పిల్వాలె ఫుప్పూ?"

"నీకు తెల్వదా? అర్థం జెప్పింది నువ్వేనాయె."

నా కళ్లు చెమర్చాయి. గొంతు సవరించుకుని నిండుగా పిలిచాను.

"పర్వీన్!"

పక్కనున్న గుర్రం తలెత్తింది. తోక ఊపింది. చిచ్చా లేకుండానే లడ్డూల గంపలతో సహా గల్లీ చివరికి బయలుదేరింది. ఆపాలంటే పిలవాలి, పిలవాలంటే దానికి ఉన్నది ఒక్కటే పేరు. వేరే దారిలేక మళ్లీ ఆ పేరే పెట్టి ఆగమని అరిచాను. గుర్రం దౌడు తీసింది. ఇంటింటి నుంచి పర్వీన్‌లందరూ "క్యా హువా ఉస్తాద్?" అంటూ బయటికొచ్చి నా వెంట పడ్డారు. ముందు గుర్రం, దాని వెనక నేను, నా వెనక పిల్లలు. ఆ ఊరేగింపు హుస్సేనీ ఆలం అంతా చూసింది.

లడ్డూలు ఒక్కటీ మిగల్లేదు. దారిలో రాలినవి రాలినట్టు పర్వీన్‌లు తినేశారు. ఆయాసపడుతూ ఆ రోడ్డు మధ్యలో నిలబడి, చార్మినార్ వైపు తిరిగి, ఇంకా నొప్పి గుర్తున్న చెవిని పట్టుకుని నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరు ఏ పేరుకు అర్థం అడిగినా, తెలిసినా సరే, నాకు తెలియదనే చెబుతాను. నా కూతురు ఇంట్లో పర్వీనే, బడిపేరు మాత్రం సత్యవతి. దాని అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్లమ్మను అడగమంటున్నాను.